పాస్ అయింది బండా, ఓనరా?

బ్రిటన్‌లో పాత కారు జాతకం దాని నంబరు ప్లేటులోనే ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే చాలు, మూడో ఏడు నుంచి ఆ బండి ఎదుర్కొన్న ప్రతి పరీక్షా బయటికొస్తుంది. ఏ తేదీన వెళ్ళింది, అప్పటికి మీటరు మీద ఎన్ని మైళ్ళున్నాయి, పాసా, ఫెయిలా, ఫెయిలైతే దేనికి. ముందు టైరు అరిగిందా, వెనక స్ప్రింగు విరిగిందా, బ్రేక్ లైటు మాడిందా, అన్నీ వరసగా ఉంటాయి. రుసుము లేదు, ఓనరును అడగక్కర్లేదు. ఈస్ట్ హామ్‌లోనో లెస్టర్‌లోనో గది అద్దెకుంటూ మూడు వేల పౌండ్లలో మొదటి కారు వెతుక్కునే తెలుగు కుర్రాడికి తెలిసిన మెకానిక్ లేకపోయినా ఈ పేజీ ఉంది.

ఆ పరీక్ష పేరు ఎంఓటీ. 1960లో రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ హయాంలో మొదలైంది. మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ అన్న శాఖ పేరులోని మూడు పొడి అక్షరాలే పరీక్షకు పేరైపోయాయి. శాఖ పేరు తర్వాత మారింది, జనం నోట మాత్రం పాతదే నిలిచింది. మన దగ్గర మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను ఇప్పటికీ ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అంటుంటారు కదా, అలాగే. మొదట్లో పదేళ్ళు దాటిన బండ్లకే పరీక్ష పెట్టారు. ఫెయిలైనవి అనుకున్నదానికంటే ఎక్కువ తేలడంతో 1961 చివరికల్లా ఆ హద్దును ఏడేళ్ళకు, 1967లో మూడేళ్ళకు దించారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో ఇప్పటికీ అంతే: కారుకు మూడేళ్ళు నిండగానే మొదటి ఎంఓటీ, ఆ తర్వాత ఏటా ఒకటి. తొలి పరీక్షను నాలుగో ఏటికి జరుపుదామని 2017లో ఒకసారి, 2023లో ఇంకోసారి ఆలోచించి ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఏటా మూడు కోట్ల దరిదాపు పరీక్షలు జరుగుతాయి. వాటి ఫలితాలన్నీ 2005 నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. ఇంత సమాచారం ఒకచోట పోగయ్యాక ఎవరికైనా పుట్టే ప్రశ్న ఒకటే: ఏ మోడల్ ఎక్కువగా పాస్ అవుతోంది? ఈ ప్రశ్నకు జవాబివ్వడానికి అధికారులు మొదట ఒప్పుకోలేదు. కంపెనీల వ్యాపార ప్రయోజనాలు దెబ్బతింటాయన్న వాదన వినిపించింది. సమాచార హక్కు చట్టం కింద బీబీసీ పట్టుబట్టి 2010లో ఆ లెక్కలు రాబట్టింది. ఆ తర్వాత పరీక్షల సంస్థ డీవీఎస్ఏ ఓనర్ల వివరాలు తీసేసి మొత్తం డేటాను తానే విడుదల చేస్తూ వస్తోంది. అక్కణ్ణుంచి ఏటా ఒక జాబితా వస్తుంది. పైన కొన్ని జపాన్ పేర్లు, కింద కొన్ని ఫ్రెంచి పేర్లు. కొనేవాళ్ళు దాన్ని ర్యాంకుల జాబితాలా చదువుతారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ శాతంలో కారు వాటా ఎంతో, దాన్ని నడిపినవాళ్ళ వాటా ఎంతో జాబితా చెప్పదు. తరచి చూస్తే నడిపినవాళ్ళ వాటాయే పెద్దదేమో అనిపిస్తుంది.

ముందు ఆ పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూడాలి. నీలం బోర్డు మీద మూడు తెల్ల త్రికోణాలుంటే అది ఎంఓటీ చేసే గ్యారేజీ. అలాంటివి దేశంలో సుమారు 23 వేలున్నాయి. కారుకు గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు. 2010 నుంచీ పెరగలేదు. టెస్టరు ముందు బండి చుట్టూ తిరిగి లైట్లన్నీ వేయిస్తాడు, హారన్ కొట్టిస్తాడు, వైపర్లు తిప్పిస్తాడు. అద్దం మీదికి నీళ్ళు సరిగ్గా చిమ్మకపోతే అదీ ఫెయిలే. రెండు పౌండ్ల నీళ్ళ డబ్బా నింపుకుని రానందుకు పరీక్ష పోగొట్టుకునేవాళ్ళు నిజంగానే ఉంటారు. తర్వాత బండిని లిఫ్ట్ మీదికెక్కించి కిందికి దూరతాడు. ఇనప కడ్డీ పెట్టి సస్పెన్షన్ బుష్‌లను, అంటే కీళ్ళ దగ్గరి రబ్బరు ముక్కలను, ఎడాపెడా కదుపుతాడు. తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్‌ను చిన్న పనిముట్టుతో తట్టుకుంటూ పోతాడు. గట్టి రేకు ఖణేలుమంటుంది, తుప్పు తిన్న చోట చప్పుడు బోలుగా వస్తుంది. టైరు గాడి లోతు మధ్య ముప్పావు వెడల్పులో చుట్టూతా 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బ్రేకులను రోలర్ల మీద చూస్తాడు. 2010 సెప్టెంబరు తర్వాత రోడ్డెక్కిన కారుకు బ్రేకు సామర్థ్యం 58 శాతం రావాలి, అంతకు ముందువాటికి 50 వస్తే చాలు. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంటే 2018 నుంచి అదీ ఫెయిల్ కిందే లెక్క.

ఇంజన్ లైటు అన్నాం కదా అని ఇంజన్ కూడా చూస్తారనుకోవద్దు. ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎంత బాగున్నాయో ఎంఓటీలో చూడరు. పొగ చూస్తారు, కారే ఆయిల్ చూస్తారు, అంతవరకే. కొనేవాడి జేబుకు పెద్ద చిల్లు పెట్టే మూడు భాగాలూ ఈ పరీక్షకు బయటే ఉన్నాయి.

ఇందుకు ఒకే కంపెనీ నుంచి రెండు ఉదాహరణలున్నాయి, ఒకదానికొకటి సరిగ్గా తలకిందులుగా. మొదటిది 1996 నుంచి 2008 దాకా అమ్ముడైన తొలి తరం ఫోర్డ్ కా. చిన్న బండి, పాతకాలపు మొద్దు ఇంజన్. ఆ ఇంజన్‌కు ఆయిల్ పోస్తూ ఉంటే అలా తిరుగుతూనే ఉంటుంది. కానీ సిల్స్ దగ్గరా, పెట్రోలు పోసే మూత చుట్టూ తుప్పు తినేస్తుంది. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కింద నుంచి ఎగజిమ్మి రేకు అతుకుల్లో చేరతాయి. ఎన్నో కా బండ్లు బాగా తిరిగే ఇంజన్‌తోనే తుక్కు కింద పోయాయి, వెల్డింగ్ ఖర్చు బండి ధరను దాటింది కాబట్టి. ఎంఓటీ లెక్కల్లో ఈ కారుకు చెడ్డపేరుంది, ఆ చెడ్డపేరు న్యాయమైనదే.

రెండోది ఫోర్డ్ ఫియెస్టా. 2009 నుంచి 2020 దాకా బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన కారు, 2023లో తయారీ ఆగిపోయింది. అందులో ఒక లీటరు ఎకోబూస్ట్ పెట్రోలు ఇంజన్‌కు మూడే సిలిండర్లు. తొలినాళ్ళలో బహుమతుల మీద బహుమతులు గెలుచుకున్న ఇంజన్ అది. దాని టైమింగ్ బెల్టు ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. ఆయిల్ సరైన రకం కాకపోయినా, వేళకు మార్చకపోయినా బెల్టు అంచులు పీచులు పీచులుగా ఊడతాయి. ఆ పీచు ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది, ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, ఆపైన ఇంజన్ పోతుంది. ఇది జరిగే ముందురోజు ఎంఓటీకి తీసుకెళ్ళినా ఆ ఫియెస్టా నవ్వుతూ పాసవుతుంది. లైట్లు వెలిగాయి, బ్రేకులు పట్టాయి, టైర్లు బాగున్నాయి. బెల్టు ఊసే ఆ కాగితంలో ఉండదు.

అందువల్ల ‘పాస్ శాతం ఎక్కువ’ అంటే ‘నమ్మకమైన బండి’ అని అర్థం తీసుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది. ఎంఓటీ అడిగేది ఈ బండి ఈ రోజు రోడ్డు మీద తిరిగితే పక్కవాడికి ప్రమాదమా, కాదా అని. రేపు ఓనరు జేబు ఖాళీ అవుతుందా అన్నది దాని పని కాదు.

ఇక రెండో పొరపాటు. ఇదే అసలైనది. హోండా జాజ్ సంగతి తీసుకుందాం. మన ఊళ్ళలోనూ తిరిగిన కారే, 2009లో ఇండియాకు వచ్చింది. జపాన్‌లో దీని పేరు ఫిట్. ఫిట్‌నెస్ పరీక్షల గురించి రాసేటప్పుడు ఇంతకన్నా అచ్చొచ్చిన పేరు దొరకదు. బ్రిటన్‌లో జాజ్ అనగానే అందరి కళ్ళ ముందూ ఒకే బొమ్మ కదులుతుంది: రిటైరైన దంపతులు, వారానికోసారి సూపర్ మార్కెట్టు, ఆదివారం చర్చి, రాత్రి గ్యారేజీలో నిద్ర. సీటు ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ళు నొప్పిపుట్టకుండా దిగొచ్చు, వెనక సామాను చోటు చాలా ఎక్కువ. పెద్దవాళ్ళు దాన్ని ఇష్టపడటానికి కారణాలున్నాయి. వాళ్ళు ఏటా వేళ తప్పకుండా డీలరు దగ్గర సర్వీసు చేయిస్తారు. డీలరు ఎంఓటీకి ముందే బల్బులు, వైపర్లు, టైర్లు చూసి మార్చాల్సినవి మార్చేస్తాడు. ఆ తర్వాతే పరీక్ష. ఇక ఫెయిలయ్యేదేముంది?

పక్కనే వాక్స్‌హాల్ కోర్సా. కొత్తగా లైసెన్సు వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రకారు చేతిలో ఎక్కువగా కనిపించే బండి. మూడో చేతికో నాలుగో చేతికో వచ్చి ఉంటుంది. ఇన్సూరెన్సే కారు ధరను మించిపోతుంటే సర్వీసుకు డబ్బు మిగలదు. బల్బు మాడిన సంగతి ఎంఓటీ టెస్టరు చెప్తేగానీ తెలియదు. చాలామందికి ఎంఓటీయే ఏడాదికోసారి వచ్చే సర్వీసు. అది ఫెయిలైతే ఏది బాగుచేయించాలో తెలుస్తుంది, అంతమాత్రం చేయించి మళ్ళీ తీసుకెళ్తారు. గ్రేట్ బ్రిటన్‌లో కార్లు తొలిసారి ఫెయిలయ్యేది ఇటీవలి ఏళ్ళలో పదింట మూడు దగ్గర ఉంటోంది. ఎక్కువ కారణాలు లైట్లు, సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు. ఈ నాలుగింట్లో రెండు, అంటే లైట్లూ టైర్లూ, పార్కింగ్‌లో నిలబడి అయిదు నిమిషాలు చూస్తే ఎవరికైనా దొరికే లోపాలు. చూసే ఓనరు బండి పాసవుతుంది, చూడని ఓనరు బండి ఫెయిలవుతుంది. కర్మాగారంలో ఇంజనీర్లు చేసిన పనికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

అలాగని కోర్సా మీద తప్పేమీ లేదని కాదు. 2006 నుంచి 2014 దాకా వచ్చిన కోర్సాల చరిత్ర పేజీలు తిరగేస్తే ముందు లోయర్ ఆర్మ్ బుష్, కాయిల్ స్ప్రింగు అన్న మాటలు పదేపదే ఎదురవుతాయి. గుంతలు, స్పీడ్ హంపులు, ఉప్పు, ఈ మూడూ కలిసి స్ప్రింగును కింది చుట్టు దగ్గర విరగ్గొడతాయి. జాజ్‌కు కూడా తన రోగాలున్నాయి, కాకపోతే అవి వాడక తక్కువై వచ్చేవి. వారంలో ఆరు రోజులు కదలని బండికి బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి, వెనక బ్రేకు క్యాలిపర్లు బిగుసుకుంటాయి. గాడి లోతు బ్రహ్మాండంగా ఉన్నా వయసు మీదపడి టైరు పక్క గోడలు పగుళ్ళు తీస్తాయి. ఏ కారుకు ఏది ముందు పోతుందన్న సమాచారం ఈ డేటాలో నిజంగా ఉంది, విలువైనదే. ఎంత శాతం అన్న అంకెకే మనం ఇస్తున్నంత విలువ లేదు.

కారు వాటాను ఓనరు వాటా నుంచి విడదీయడానికి ఒక మంచి దారి ఉంది. టొయోటా ఐగో, సిట్రోయెన్ సీ1, ప్యూజో 107 అని మూడు చిన్న కార్లు. 2005 నుంచి 2014 దాకా మూడూ చెక్ దేశంలోని కొలీన్‌లో ఒకే ఫ్యాక్టరీలో, ఒకే వరసలో తయారయ్యాయి. కింది ఇనుమంతా ఒకటే, ముందు ముక్కు, వెనక దీపాలు, పైన బొమ్మ వేరు. మారుతి బాలెనోకే టొయోటా బొమ్మ తగిలించి గ్లాంజా అని అమ్ముతున్నారు కదా, అలాంటి వ్యవహారం. ఈ మూడింటి పాస్ శాతాల్లో తేడా కనబడితే ఆ తేడా కారుది కాదు. కొన్నవాడిది, సర్వీసు చేసినవాడిది. నమ్మకమైన పేరున్న కంపెనీ దగ్గరికి జాగ్రత్తపరులైన ఓనర్లు వెళ్తారు, వాళ్ళ జాగ్రత్త వల్ల అంకెలు బాగా వస్తాయి, ఆ అంకెలు చూసి మరికొందరు జాగ్రత్తపరులు వస్తారు. ఈ చక్రం తనంతట తానే తిరుగుతుంది. కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. 2021 నుంచి టొయోటా బ్రిటన్‌లో తన డీలరు దగ్గర సర్వీసు చేయించిన ప్రతిసారీ ఇంకో ఏడాది వారంటీ ఇస్తోంది, కారుకు పదేళ్ళు నిండేదాకా లేదా లక్ష మైళ్ళు తిరిగేదాకా. వారంటీ కోసం ఓనరు ఏటా వస్తాడు. వచ్చినప్పుడు బల్బు మార్చబడుతుంది.

అంకెల్ని ఇంకా చాలా సంగతులు అటూ ఇటూ లాగుతాయి. టెస్టరు కనిపెట్టిన చిన్న లోపాన్ని గంటలోపే గ్యారేజీలోనే సరిచేస్తే పాస్ అనే రాస్తారు, తొలి ఫెయిళ్ళ లెక్కలో మాత్రం దాన్నీ కలుపుతారు. ఏ జాబితా ఏ లెక్క తీసుకుందో కింద చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. లండన్‌లో ప్రైవేట్ హైర్ లైసెన్సుతో, అంటే ముందే బుక్ చేసుకునే టాక్సీగా, తిరిగే టొయోటా హైబ్రిడ్ కారు ప్రియస్‌కు ఏడాదికి ఒకటి కాదు, రెండు ఎంఓటీలు. ఏటా నలభై వేల మైళ్ళు తిరిగే బండిని ఆరు నెలలకోసారి చూస్తారు కాబట్టి లోపాలు ముదిరే వ్యవధి ఉండదు. డ్రైవరుకు బండే జీవనాధారం కాబట్టి పరీక్షకు ముందు తనే చూసుకుంటాడు. పైగా హైబ్రిడ్ కారు వేగం తగ్గేటప్పుడు చాలా పని మోటారే చేస్తుంది, బ్రేకు ప్యాడ్లు తక్కువగా అరుగుతాయి. ఆరోగ్యమైన ఈ అంకెల్ని చూసి రెండు లక్షల మైళ్ళ మాజీ టాక్సీని కొనుక్కున్న వ్యక్తి ఏడాదికోసారే పరీక్షకు వెళ్తాడు, ముందుగా చూసుకునే అలవాటూ ఉండదు. శాతం మోడల్‌తో పాటు రాదు.

ఊరూ లెక్కలోకి వస్తుంది. పోస్ట్‌కోడ్ వారీగా చూస్తే స్కాట్లాండ్‌లోని డండీ, నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని ట్రూరో లాంటి చోట్ల ఫెయిళ్ళు ఎక్కువ, లండన్ చుట్టుపక్కల తక్కువ. ఉప్పు, సముద్రపు గాలి, కొండ దారులు, పాత కార్ల సంఖ్య, డబ్బున్న జనం ఎంతమంది అన్నవి అన్నీ కలగలిసి ఉంటాయి. పరీక్ష చేసే గ్యారేజీయే రిపేరు కూడా చేస్తుంది కాబట్టి అక్కడో ప్రలోభమూ ఉంది. అందుకే తెలిసినవాళ్ళు స్థానిక కౌన్సిళ్ళ టెస్ట్ కేంద్రాలకు వెళ్తుంటారు. అక్కడ కౌన్సిల్ సొంత బండ్లకు తప్ప జనం కార్లకు రిపేరు చేయరు, లేని లోపం రాసి వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. ఉత్తర ఐర్లాండ్‌లో పరీక్షలన్నీ సర్కారు కేంద్రాల్లోనే, అదీ నాలుగో ఏటి నుంచి. 2020 జనవరిలో అక్కడ కార్లను పైకెత్తే 55 లిఫ్టుల్లో 48కి పగుళ్ళు కనిపించి పరీక్షలే నిలిచిపోయాయి. కార్ల ఫిట్‌నెస్ తేల్చే యంత్రాలే అన్‌ఫిట్ అయ్యాయన్నమాట. అదే ఏడాది కోవిడ్ వచ్చి గ్రేట్ బ్రిటన్‌లో మార్చి 30 నుంచి గడువు ముగిసే ఎంఓటీలకు ఆరు నెలలు పొడిగింపిచ్చారు. 2020 అంకెల్ని అటూ ఇటూ ఏళ్ళతో పోల్చడం అందుకే కుదరదు.

వయసు విషయంలో ఇంకో తిరకాసు. కార్లు ముసలివయ్యేకొద్దీ ఫెయిళ్ళు పెరుగుతాయి, కానీ ఒక హద్దు దాటాక మళ్ళీ తగ్గుతాయి. పాతికేళ్ళ కారు పన్నెండేళ్ళ కారుకన్నా మెరుగని దీని అర్థం కాదు. బాగాలేనివన్నీ అప్పటికే తుక్కులోకి పోయాయి, మిగిలినవి ఎవరో ముద్దుగా చూసుకునేవి. కాబట్టి ‘ఇరవై ఏళ్ళ ఫలానా మోడల్ ఎనభై శాతం పాస్’ అన్న వాక్యం కనిపిస్తే, మొదట అమ్మిన బండ్లలో ఎన్ని ఇంకా రోడ్డు మీద ఉన్నాయని అడగాలి. నూటికి రెండే మిగిలి ఉంటే ఆ ఎనభై శాతం ఆ రెంటి గురించే.

జర్మనీలో ఇదే కథ కొత్త వేషంలో వచ్చింది. అక్కడ తొలి పరీక్ష మూడేళ్ళకు, తర్వాత రెండేళ్ళకోసారి. ట్యూవ్ అనే తనిఖీ సంస్థలు ఏటా వెలువరించే నివేదిక 2024 సంచికలో రెండు మూడేళ్ళ కార్లలో అట్టడుగున నిలిచింది టెస్లా మోడల్ 3. గణనీయమైన లోపాలు 14.7 శాతం. బ్రేకు డిస్కులు, లైట్లు, సస్పెన్షన్ కారణాలు. విద్యుత్ కార్లన్నీ నాసిరకమని కొందరు, పాత కంపెనీల కుట్ర అని కొందరు వాదులాడుకున్నారు. అసలు సంగతి ఇంకా మామూలుది. ఆ కారుకు ఏటా సర్వీసు చేయించాలన్న షరతు లేదు. కాబట్టి మూడేళ్ళపాటు కింద తల దూర్చి చూసే నాథుడు ఉండడు. బరువెక్కువ బండి సస్పెన్షన్‌ను అరగదీస్తుంది, మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి వాడకం లేక డిస్కులు తుప్పు పడతాయి. కారు రూపకల్పన కొంత, సర్వీసు లేకపోవడం కొంత. మళ్ళీ అదే ప్రశ్న, విడదీయడం అంత తేలిక కాదు.

శాతాన్ని పక్కన పెడితే మిగిలేది ఒక్క కారు సొంత చరిత్ర. అక్కడే ఎంఓటీ డేటా తన అసలు పని చేస్తుంది. చదివే పద్ధతి కొంచెం తెలియాలి. 2018 మే నుంచి లోపాలు మూడు రకాలు. డేంజరస్ అంటే సరిచేసేదాకా నడపకూడదు. మేజర్ అంటే ఫెయిల్. మైనర్ అంటే పాసే, కానీ సరిచేయించుకో అని. వీటికి తోడు అడ్వైజరీ అని ఇంకోటి ఉంటుంది: ఇప్పటికి బాగానే ఉంది, దీని మీద ఓ కన్నేసి ఉంచు అని టెస్టరు ఇచ్చే సలహా. నియర్‌సైడ్ అంటే పేవ్‌మెంటు వైపు, మనకు ఎడమ. ఆఫ్‌సైడ్ అంటే డ్రైవరు వైపు.

ఊహకు రెండు కార్లు తీసుకుందాం, రెండూ 2013వి. మొదటి దాని పేజీలో నాలుగు ఫెయిళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. ఒకసారి హెడ్‌లైట్ బల్బు, ఒకసారి టైరు, ఒకసారి విరిగిన స్ప్రింగు, ఒకసారి వైపర్. ప్రతిసారీ మర్నాడో రెండ్రోజులకో మళ్ళీ పాస్. ఒకసారి చెప్పిన లోపం తర్వాతి ఏడాది మళ్ళీ లేదు. రెండో దానికి ఒక్క ఫెయిలూ లేదు, అన్నీ ఆకుపచ్చ పాసులే. కానీ అడ్వైజరీల్లోకి దిగితే: 2020లో ‘వెనక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే ఇనప చట్రం) తుప్పు’, 2021లో అదే, 2022లో అదే, దానికి తోడు ‘బ్రేకు పైపు తుప్పు, రెండు ముందు టైర్లు గడువు దగ్గర’. 2023లో ఇవన్నీ మళ్ళీ, పక్కన సిల్ కూడా. పాస్ శాతాలు లెక్కించే జాబితాలో రెండో కారు మొదటిదానికి ఆదర్శం. కొనాల్సింది మాత్రం మొదటిదే. మొదటి ఓనరు లోపం తెలిసిన వెంటనే తీర్చాడు. రెండో ఓనరు నాలుగేళ్ళు వరసగా విని ఊరుకుని, ఫెయిలయ్యే ఏడాదికి ముందు ప్రకటన ఇచ్చాడు.

హఠాత్తుగా అడ్వైజరీలు మాయమైనా కొంచెం ఆగి చూడాలి. నిరుడు ఆరు అడ్వైజరీలున్న బండికి ఈ ఏడు కొత్త ఊళ్ళో, అమ్మకానికి వారం ముందు, ఒక్కటీ లేకుండా పాస్ వచ్చిందంటే రెండే అవకాశాలు. ఆరూ బాగుచేయించారు, అప్పుడు బిల్లులు చూపిస్తారు. లేదంటే చూసీచూడనట్టు పోయే టెస్టరు దొరికాడు. తుప్పు తనంతట తాను నయమయ్యే రోగం కాదు.

మైళ్ళ వరసా ముఖ్యమే. మీటరు వెనక్కి తిప్పే విద్య మన దగ్గరే కాదు, అక్కడా ఉంది. ఏటా ఎంఓటీ నాడు మైళ్ళు నమోదవుతాయి కాబట్టి 84 వేలున్న బండి మరుసటి ఏడు 51 వేలకు దిగితే ఇట్టే పట్టుబడుతుంది. కానీ మొదటి మూడేళ్ళలో ఎంఓటీయే లేదు. కంపెనీ అవసరాలకు దేశమంతా తిరిగిన కారు మీటరును మూడేళ్ళు నిండకముందే తిప్పేస్తే ఈ పేజీలో దానికి సాక్ష్యం ఉండదు. తొలి ఎంఓటీలో 18 వేలు, తర్వాతి ఏడాదికే మరో 22 వేలు కనిపిస్తే అనుమానించాల్సింది రెండో అంకెను కాదు, మొదటి అంకెను.

ఇవన్నీ తెలుగు నేల మీద కుదరని చర్చలు. ఇక్కడ సొంత కారుకు పదిహేనేళ్ళు నిండాకే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పరీక్ష, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి. ట్యాక్సీలు, లారీలకు ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది, ఏ లోపం దొరికిందో, అప్పుడు మీటరు ఎంత చూపిందో కనిపించదు. ఆ లోటును మన సెకండ్‌హ్యాండ్ మార్కెట్టు తనదైన పద్ధతిలో పూడ్చుకుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రకటన చూడండి: సింగిల్ ఓనర్, డాక్టరు గారు వాడిన బండి. మోడల్ గురించి ఒక ముక్క, ఓనరు గురించి రెండు ముక్కలు. డేటా ఏమీ లేకుండానే మనవాళ్ళు సరైన ప్రశ్న అడుగుతూ వచ్చారు. కాకపోతే జవాబు అమ్మేవాడి నోటిమాట, చెప్పినంత మంది డాక్టర్లు రాష్ట్రంలో ఉన్నారా అన్నది వేరే సంగతి.

బ్రిటన్‌లో ఆ జవాబు కొనేవాడి ఫోన్‌లోనే దొరుకుతుంది, నంబరు తెలిస్తే. ఆన్‌లైన్ ప్రకటనల్లో కొందరు నంబరు ప్లేటును చెరిపేసి ఫోటోలు పెడతారు. మెసేజ్ పెట్టి నంబరు అడిగితే చాలామంది ఇచ్చేస్తారు. ‘వచ్చి చూసుకోండి, బండి బంగారం’ అని మాట తప్పించేవాళ్ళ ఊరికి రైలు టికెట్టు కొనుక్కోనక్కర్లేదు.